కారుకు చలివేంద్రం

నా పూర్వశిష్యుడొకడు ఈ మధ్య రాజమండ్రిలో కొత్త కారు కొని, మొదటి సవారీకి నన్ను ఎక్కించుకున్నాడు. గురువును ఎక్కించుకుంటే కారుకు శుభమని వాడి నమ్మకం. కారు ఎక్కితే మోకాళ్ళకు సుఖమని నా నమ్మకం. గోదావరి గట్టు వెంట పోతుండగా గేదెలు అడ్డం వచ్చి బండి ఆగింది. అవి తప్పుకున్నాక ఏ చప్పుడూ లేకుండా మళ్ళీ కదిలింది. శిష్యుడు గర్వంగా నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు ఇంజను ఆగిపోయిందండి మాస్టారూ. అయినా బండి నడుస్తోంది చూడండి. దీన్ని హైబ్రిడ్ అంటారు. కొంత పెట్రోలు, కొంత కరెంటు. ఇలాంటిది మీరు చూసుండరు."

"చూశాను" అన్నాను.

పెద్దవాణ్ణి కనుక వాడు కాదనలేదు, నవ్వి ఊరుకున్నాడు. నేను మాత్రం నాకు తెలియకుండానే, "నీళ్ళ బిందె పెట్టావా?" అని అడిగాను. వాడు కంగారుపడి, చల్లగాలి పెంచి, నీళ్ళ సీసా నా చేతికిచ్చాడు. అడిగింది నా కోసం కాదని వాడికి చెప్పలేదు. చెబితే, దాహం కారుకెందుకు వేస్తుందని అడుగుతాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగిన పెద్దమనిషి ఇప్పుడు లేరు.

వారిది రామచంద్రపురానికి దగ్గరలో, కాలవ గట్టున ఉన్న పల్లె. అక్కడి హైస్కూల్లో నేను తెలుగు చెప్పుకుంటున్న రోజులవి. వారి ఇంటి పక్క వాటాలోనే నా కాపురం. పేరు చెప్పను, ఊళ్ళోనూ ఎవరూ చెప్పేవారు కాదు. ఎదుట బాబుగారు, చాటున కారుగారు. మాగాణీ కొబ్బరితోటా ఉన్న రైతు. వరికి తెగులు పడితే నిబ్బరంగా తట్టుకునేవారు గాని, కారుకు నలతగా ఉంటే ఆయనకు అన్నం సహించేది కాదు.

ఉదయం స్నానం కాగానే, తడి తువ్వాలు భుజాన ఉండగానే, కొట్టంలోకి వెళ్ళి బానెట్టు మీద అరచేతిని తిరగేసి ఆనించేవారు. పసిబిడ్డ నుదుట జ్వరం చూసే పద్ధతి అది. రాత్రంతా కదలక నిలబడి ఉన్న ఇనుము చల్లగా కాక ఎలా ఉంటుంది? అయినా ఆయన ప్రతి ఉదయమూ ఆ చల్లదనానికి ఊరట పొంది, "జ్వరం లేదు" అని తమలో తామనుకుని, ఆ మీదట కాఫీకి వెళ్ళేవారు.

మా ఊరివారు దాన్ని హైబ్రిడ్ కారనే పిలిచేవారు. ఆ మాట వారికి వరి విత్తనాల సంచుల మీద పరిచయం. రెండు జాతులు కలిసినదేదైనా వారికి హైబ్రిడ్డే. ఈ కారు పెట్రోలు మీద పుట్టి, నడివయసులో వంటగ్యాసు మరిగింది. వెనక డిక్కీలో సిలిండరు, ముందు ఒక మీట. ఊళ్ళో తిరిగేటప్పుడు పెట్రోలు మీద నడిపేవారు, అది పరువు. పొలిమేర దాటాక మీట తిప్పి గ్యాసుకు మార్చేవారు, అది పొదుపు. చట్టం దృష్టిలో అది నేరమని ఎవరో చెప్పగా, "ఇంట్లో మనుషులకి వండితే తప్పు లేదు గాని, కారుకి వండితే తప్పా?" అని ఆశ్చర్యపోయారు.

చిక్కు ఏమంటే, సిలిండరు ఒక్కటే. అది వంటింట్లో ఉంటే కారు పస్తు. కారులో ఉంటే ఇల్లు పస్తు. వారి ఇల్లాలు తెల్లవారగానే వీధి అరుగు దాకా వచ్చి, భర్తను కాదు, కారునే చూస్తూ అడిగేవారు: "ఇవాళ అది తింటుందా, మనం తింటామా?" ఆయన వాలుకుర్చీలోంచి గంభీరంగా, "నాకు ద్రాక్షారామంలో పని ఉంది" అనేవారు. ఆ మాట విని ఆమె పెరట్లో కట్టెల పొయ్యి ముట్టించేవారు. ఆ ఇంట కూరలకు పొగవాసన ఉన్న రోజున అయ్యగారు ఊళ్ళో లేరని మేమంతా గ్రహించేవాళ్ళం.

వారి పక్కన కూర్చుని ప్రయాణించడం భక్తిమార్గంలోని కఠిన సాధనల్లో ఒకటి. దారిలో ఏ గుడి కనిపించినా రెండు చేతులూ జోడించేవారు. జోడించి కళ్ళు మూసుకునేవారు. ఆ కాసేపూ కారు దేవుడి పరం. మా సీమలో గుళ్ళకు కొదవ లేదు; ఒక్కొక్క ఊరికి నాలుగైదు. అందుచేత ఆ కారులో రామచంద్రపురం వెళ్ళి వచ్చేసరికి నాస్తికుడు కూడా దేవుణ్ణి తలవక తప్పేది కాదు.

ఇక వారి జగత్ప్రసిద్ధమైన రోగనిర్ణయం. కారు దారిలో ఎక్కడ ఆగినా, ఏ కారణం చేత ఆగినా, ముందున్న పెట్టె మూతి నుంచి ఆవిరి ఎంత ఎగసినా, ఆయన తాపీగా దిగి, బానెట్టు మీద చేయి తిరగేసి ఆనించి, చురుక్కుమని వెనక్కి తీసుకుని, మా వైపు చూసి చిరునవ్వుతో అనేవారు: "ఏం లేదు, దాహం."

అని, డిక్కీలోని బిందె పట్టుకుని గట్టు దిగేవారు. కాలవ కనిపించని చోట ఆ కారు ఆగదని ఆయనకొక నమ్మకం. నిజమేమంటే మా డెల్టాలో కాలవ కనిపించని చోటే లేదు. ఏ కాలవ నీరు దానికి హితవో కూడా ఎరుగుదురు. కోటిపల్లి వైపు నీళ్ళు దానికి పడవట. కాకినాడ కుళాయి నీళ్ళు తాగిస్తే నురగ కక్కుతుందట. మా ఊరి లాకుల కింది నీరు పోస్తే మాత్రం కొబ్బరిబొండం తాగినట్టు తేరుకుంటుందట. అత్తవారింటి కాఫీని గురించి కూడా అంత శ్రద్ధగా మాట్లాడిన అల్లుణ్ణి నేను చూడలేదు.

అయితే ఒక ఏడు ఆ దాహం అతి అయింది. ఉదయం నిండుగా పోసిన నీరు సాయంత్రానికి మాయం. కింద చూస్తే ఒక్క చుక్క కారిన జాడ లేదు. ఉదయం కదిలించగానే వెనక గొట్టంలోంచి తెల్లని ఆవిరి మేఘంలా లేచేది. ఇతరులకు అది పొగ, ఆయనకు హోమధూమం. ఇంజను నూనె మూత విప్పితే లోపల నల్లగా ఉండవలసిన చోట తెల్లగా, చిక్కగా, కవ్వంతో చిలికినట్టు ఉండేది. వారి ఇల్లాలు ఆ మూత చూసి, "పోపు పెట్టమంటారా?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయారు.

ఇంజను సంగతి నాకు తెలిసింది తక్కువే. ఆ తక్కువా ఆ ఏడాదే తెలిసింది. ఇంజనుకు మొండెం ఒకటి, తల ఒకటి. ఆ రెంటి నడుమ పల్చని రేకు ఒకటి ఉంటుంది. దాన్ని హెడ్ గ్యాస్కెట్ అంటారు. మండే గదినీ, నీళ్ళ దారినీ, నూనె దారినీ ఒకదానికొకటి తగలకుండా కాచేది ఆ రేకే. అది కాలిపోతే నీరు మంటలోకి పోయి ఆవిరవుతుంది. నూనెలోకి పోయి మజ్జిగవుతుంది. మంటలోని గాలి నీళ్ళలోకి వచ్చి బుడగలవుతుంది. కొత్త రేకు వేయాలంటే తల విప్పాలి. తల విప్పితే బండి వారాల తరబడి కొట్టంలో పడి ఉంటుంది.

ఇంత స్పష్టమైన రోగాన్ని ఆయన దాహమని ఎందుకు పట్టుబట్టారో చెప్పాలంటే, వారి చెల్లెలి పెళ్ళి సంగతి చెప్పాలి.

ఆ కాలానికి వారింట కారు లేదు. పెళ్ళయిన మర్నాడు చెల్లెలు పసుపుబట్టలతో, నుదుట బాసికంతో, భీమవరం వైపున్న అత్తవారింటికి బస్సులో బయల్దేరింది. బస్సు కిటకిటలాడుతోంది. పెళ్ళికొడుకుకు సీటు దొరికింది, పెళ్ళికూతురికి దొరకలేదు. రావులపాలెం దాకా ఆ పిల్ల పైకమ్మీ పట్టుకుని, ఎవరిదో కోళ్ళబుట్టను ఆనుకుని, నిలబడే వెళ్ళింది. సాగనంప వెళ్ళిన అన్నగారు అది కళ్ళారా చూశారు. తరువాత పంట మీద పంట కూడబెట్టి, ఎవరో వదిలించుకుంటున్న ఈ కారును కొన్నారు. కొన్న రోజున రచ్చచావిడి దగ్గర నిలబడి, ఇక మీదట ఈ ఊరి ఆడపిల్ల ఏదీ బస్సులో నిలబడి అత్తారింటికి వెళ్ళదని మాట ఇచ్చారు. అది మొదలు ఏ ఇంట పెళ్ళయినా, కులమూ కలిమీ చూడకుండా, పెళ్ళికూతురు ఈ కారులోనే ఊరు దాటేది. ఆయనే నడిపేవారు. కిరాయి మాట ఎత్తితే భోజనం కూడా చేయకుండా లేచిపోయేవారు.

ఆ వైశాఖంలో మా ఊరి దర్జీ కూతురి పెళ్ళి. అత్తవారిది పిఠాపురం. పెళ్ళి మర్నాడు దీపాలు పెట్టే వేళలోగా కోడలు గడపలో కాలు పెట్టాలని అత్తవారి పట్టు. కారు చూస్తే ఈ అవస్థలో ఉంది. గ్యాస్కెట్ అంటే తల విప్పాలి. తల విప్పితే మాట పోతుంది. కనుక అది గ్యాస్కెట్ కాకూడదు. ఆయన తర్కంలో దోషమేమీ లేదు. కారే తర్కం చదువుకోలేదు.

సరిగ్గా ఆ సమయానికే చెల్లెలి భర్త దిగారు. ఆనాడు సీటు దొరికిన పెళ్ళికొడుకు ఆయనే. ఇప్పుడు భీమవరం దగ్గర చేపల చెరువులు తవ్వించి, కొత్త తెల్ల కారు కొని, దాన్ని అందరికీ చూపించడానికి ఊరూరా చుట్టాల్ని వెదుక్కుంటున్న కాలం. బావలిద్దరూ ఒకరినొకరు మన్నించుకునే తీరు చూడముచ్చట. ఎంతటి పోటు పొడిచినా అండి అన్న మాట విడిచేవారు కారు.

"మీ కారు నీళ్ళు తాగినంత నా చెరువులు తాగవండి బావగారూ" అన్నారు వచ్చినాయన, వాలుకుర్చీలో చేరగిలబడి.

"మీ చెరువుల్లో చేపలున్నాయండి. మా కారులో ఆడపిల్లలు కూర్చుంటారు" అన్నారు ఉన్నాయన.

"కూర్చున్నాక దిగి తోస్తున్నారని విన్నానండి."

"నిలబడడం కంటే తోయడం నయం కదండి."

దానితో వచ్చినాయన కాఫీ మీద దృష్టి నిలిపారు.

ఇల్లాలి ప్రోద్బలం మీద రామచంద్రపురం నుంచి మెకానిక్‌ను పిలిపించారు. మోపెడ్ దిగి, చెప్పులు వాకిట విడిచి, కొట్టంలోకి గుడిలోకి వచ్చినట్టు వచ్చాడు. చల్లగా ఉన్న ఇంజను మీద రేడియేటర్ మూత తీసి, కదిలించమన్నాడు. నీళ్ళలోంచి బుడబుడమని బుడగలు లేచాయి. అతను వాటిని చూశాడు; ఆ వెంటనే పైన కొబ్బరిచెట్టు మొవ్వును చూశాడు. నూనె మట్టం చూసే ఇనుపపుల్ల లాగాడు. దాని కొస మజ్జిగలో ముంచి తీసినట్టుంది. తుడిచి, మళ్ళీ కొబ్బరిచెట్టు చూశాడు. ప్లగ్గులు విప్పాడు. అన్నీ మసిబారి ఉండగా ఒకటి మాత్రం కడిగిన ముత్యంలా మెరిసింది. ఆ గదిలోకే నీరు పోతోందని దాని అర్థం. బాబుగారు ఆ ప్లగ్గును చేతిలోకి తీసుకుని మురిసిపోయారు.

"ఎంత శుభ్రంగా ఉందో చూశారా మాస్టారూ. మిగతావి దీన్ని చూసి నేర్చుకోవాలి."

మెకానిక్ ఆ ప్లగ్గును తిరిగి తీసుకుని బిగించాడు. చేతులు తుడుచుకుంటూ, "తమరేమనుకుంటున్నారండి?" అని అడిగాడు.

"దాహం అనుకుంటున్నాను."

"అదేనండి. దాహమేనండి. కాకపోతే కాస్త ముదిరిన దాహం."

బావగారికి సహించలేదు. "ఇదేంటయ్యా? హెడ్ గ్యాస్కెట్ పోయిందా లేదా? ఒక్క మాట చెప్పు."

మెకానిక్ ఇద్దరికీ కలిపి ఒకే దణ్ణం పెట్టాడు. "ఒక పెద్దాయన దాహం అంటున్నారండి. ఒక పెద్దాయన గ్యాస్కెట్ అంటున్నారండి. మధ్యలో చెప్పడానికి నేనెంతటివాణ్ణండి? తమరిద్దరూ ఒక మాట అనుకుని చెబితే, ఆ రోగమే చూస్తానండి."

మా సీమలో మర్యాద ఎంత దూరం పోయిందో ఆ పూట చూశాను. ఇతర ప్రాంతాల్లో రోగాన్ని బట్టి వైద్యుడు మాట్లాడతాడు. మా దగ్గర యజమాని ముఖాన్ని బట్టి రోగం నడుచుకోవాలి. చివరకు ఇద్దరూ నా వైపు తిరిగారు. నాకు తెలిసిన శాస్త్రాల్లో దేనిలోనూ గ్యాస్కెట్ లేదు. "లక్షణాలను బట్టి చూస్తే రెండు పక్షాలకూ అవకాశం కనిపిస్తోంది" అన్నాను. ఇన్నాళ్ళు చదివిన చదువు ఎవరికీ పనికిరాని వాక్యాన్ని ఎవరికీ నొప్పి కలగకుండా చెప్పడానికి ఉపకరించింది. సభ ముగిసింది. రోగం దాహమని తేలింది.

దాహమని తేలాక చికిత్స సులభం. ఎండాకాలంలో మా వైపు దారుల వెంట తాటాకు పందిరి వేసి, కుండల్లో చల్లని నీళ్ళు పెట్టి, దారిన పోయేవారికి పోస్తారు. చలివేంద్రమంటారు. మనుషులకున్న చలివేంద్రం కారుకెందుకు ఉండకూడదని ఆయనకు తోచింది. మా ఊరి నుంచి కాకినాడ దాకా కాలవ వెంట ఉన్న ప్రతి పల్లెలోనూ వారికి పినతల్లో, మేనత్తో, వియ్యంకుల తాలూకు వారో ఉన్నారు. అందరికీ కబురు పంపారు. పెళ్ళికారు వస్తోంది, దానికి దాహం జాస్తి, నిండు బిందెతో రోడ్డు మీద నిలబడవలసింది అని. ఏ వైద్యశాస్త్రమూ ఆమోదించని ఈ పథకాన్ని మా వాళ్ళు ఎంతో సహజంగా స్వీకరించారు. ఒక్కరైనా ఎందుకని అడగలేదు. అడగడం మర్యాద కాదు గదా.

పెళ్ళి మర్నాడు భోజనాలయ్యాక బయల్దేరాము. ఆ పూట ఇంట పొయ్యి సంగతి ఇల్లాలు అడగలేదు. తానే సిలిండరు డిక్కీలో పెట్టించి, దానికి పసుపుబొట్టు పెట్టారు. వెనక సీట్లో వధూవరులు. ముందు నేను, అమ్మాయిని అప్పగించి నాలుగు మాటలు చెప్పవలసిన పెద్దగా. మా వెనక కొంత ఎడంగా బావగారి తెల్ల కారు. తమకు పిఠాపురంలో పురుహూతికా అమ్మవారి మొక్కు ఉందనీ, అది ఇవాళే తీర్చుకోవాలనీ ఆయన చెప్పుకున్నారు. మొక్కే కారణమని ఎవరూ నమ్మలేదు, నమ్మలేదని ఎవరూ అనలేదు.

చలివేంద్రాలు మేము తలచినదానికి మించి నడిచాయి. ప్రతి పల్లె మొదట్లోనూ నిండు బిందె. బిందె ఒకటే వస్తుందా? పెళ్ళికారు కదా అని దాని వెంట ఆడవాళ్ళంతా వచ్చేవారు. ముందు బానెట్టు ఎత్తి కారుకు నీళ్ళు పోసేవారు. తరువాత తలుపు తీసి అమ్మాయికి బొట్టు పెట్టేవారు. ఒకచోట రవికల గుడ్డ, ఒకచోట అరటిపళ్ళు, ఒకచోట ఒడిలో తాటిబెల్లమూ కొబ్బరీ. ముత్తయిదువలెవరో, పెళ్ళికూతురెవరో ఒకరికొకరు తెలియదు. బీదదర్జీ కూతురికి ఊరూరా రాచమర్యాద జరిగింది. ఆ మర్యాదకు కారణం ఒక రేకు కాలిపోవడం. బొట్ల మీద బొట్లు పడి ఆ పిల్ల నుదురు కనిపించకుండా పోయింది. ఆయన అద్దంలో అది చూసుకుంటూ, "అదే కొత్త కారైతే ఎక్కడా ఆగకుండా పోయేది" అన్నారు.

చిక్కు కాకినాడ దాటాక వచ్చింది. మా గోదావరి కాలవ అక్కడితో సరి. వారి చుట్టరికమూ కాలవ ఉన్నంత మేరే. ముందు ఎండ, ఎడారిలాంటి రోడ్డు, ఒక్క బిందె లేదు. ఉన్నవి రెండు చేతులూ ఒక దేవుడూ. పిఠాపురం ఇంకా కొంత దూరం ఉందనగా కారు మొదట దగ్గింది, ఆ పైన మూలిగింది, తెల్లని ఆవిరిలో తానే కనిపించకుండా పోయి, ఆగింది. డిక్కీలో బిందె బోర్లా పడి ఎప్పుడో ఖాళీ అయింది.

ఆయన దిగారు. అలవాటు చొప్పున చేయి తిరగేసి ఆనించబోయి, ఆనించలేక తీసుకున్నారు. "ఏం లే..." అని ఆగిపోయారు. పశ్చిమాన పొద్దు తాటిచెట్ల నడుముదాకా దిగింది. వెనక సీట్లో అమ్మాయి ఒడి నిండా ఊళ్ళవాళ్ళిచ్చిన పళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. ఆయన ఆమె వంక చూశారు. పొద్దు వంక చూశారు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, వెనక ఆగిన తెల్ల కారు దగ్గరకు నడిచారు. నేనూ వెంట వెళ్ళాను.

"బావగారూ" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "హెడ్ గ్యాస్కెట్ పోయిందండి. ఎప్పుడో పోయింది. అమ్మాయిని మీ కారులో ఎక్కించుకుని వేళకి చేర్చండి."

ఏడాది పొడుగునా ఊరంతా మింగిన మాట అది. ఆయన నోటి నుంచే వచ్చింది. దాన్ని వినడం కోసమే అంత దూరం వెంబడించిన బావగారు, విని, సంతోషించలేదు. కారు దిగారు. పాత బండి దాకా వెళ్ళి, ఆవిరి కక్కుతున్న ఇంజనును నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు పరీక్షించారు.

"గ్యాస్కెట్ అని ఎవరన్నారండి?" అన్నారు. "ఇది దాహం."

"వేళాకోళానికి పొద్దు లేదండి."

"వేళాకోళం కాదండి. ఒకసారి నేను కూర్చున్నాను, మీ చెల్లెలు నిలబడింది. మళ్ళీ నా బండిలో ఎక్కించి మీ మాట దింపేయమంటారా?"

మా మాటలు వినిపించి కాబోలు, అమ్మాయి తల బయటికి పెట్టింది. "నేను దిగనండి బాబుగారూ. కూర్చునే ఉన్నాను కదండి. పర్లేదండి."

బావగారు తమ డిక్కీలోంచి తాడు తీశారు. చెరువుల్లో వల లాగే మోకు అది; చేపలవాసన ఇంకా పోలేదు. కొత్త కారు వెనుకకూ పాత కారు ముందుకూ కలిపి కట్టారు. భీమవరం నుంచి ఊళ్ళవాళ్ళకు చూపించడానికి తెచ్చిన తెల్ల కారు, వెనక ఒక ఆవిరిబండిని లాగుతూ, ఎడ్లబండి నడకన పిఠాపురం వైపు సాగింది.

ఆ ప్రయాణం తలచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. ఇంజను ఆగిపోయింది. అయినా ఆయన మలుపు రాగానే గేరు మార్చేవారు. ఎద్దు అడ్డం వస్తే హారన్ కొట్టేవారు. ముందున్న బావగారు చేయి చూపక ముందే కిటికీలోంచి తామే చేయి చాపేవారు. ఒకచోట అలవాటు చొప్పున గ్యాసు మీట తిప్పి పెట్రోలుకు మార్చారు. ఊళ్ళోకి ప్రవేశిస్తున్నాము గదా, పరువు. కుక్కుటేశ్వరస్వామి గోపురం కనపడగానే రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నారు. ఆ కాసేపు స్టీరింగు నేను పట్టుకున్నాను. నా జన్మలో నేను నడిపిన కారు అదొక్కటే.

దీపాలు ఇంకా పెట్టలేదు. అత్తవారింటి వాకిట హారతిపళ్ళెం పట్టుకుని నిలబడినవారు ముందు తెల్ల కారు చూసి దానికి ఎదురొచ్చారు. బావగారు తల అడ్డంగా ఊపి, వెనక బండి చూపించారు. "అదండి పెళ్ళికారు. నాది తోడొచ్చింది" అన్నారు. వరుడితో కలిసి అమ్మాయి దిగింది. హారతి ఇచ్చారు. గడప దాటింది.

వాకిట్లో మేము ముగ్గురమూ రెండు కార్లూ మిగిలాము. ఆయన మెల్లగా పాత బండి ముందుకు నడిచి, చేయి తిరగేసి బానెట్టు మీద ఆనించారు. ఈసారి చురుక్కుమని తీసుకోలేదు. అంత దూరం మంట లేకుండా గాలికి వచ్చిన ఇనుము చల్లబడింది. చాలాసేపు చేయి అక్కడే ఉంచారు.

"జ్వరం తగ్గింది" అన్నారు.

"తగ్గకేంటండి" అన్నారు బావగారు, తాడు చుట్టుకుంటూ. "దాహమే కదా."

నన్ను ఇంటి దగ్గర దింపి శిష్యుడు సెలవు తీసుకోబోతుంటే, నా చేయి దానంతట అదే తిరగబడి వాడి కొత్త కారు బానెట్టు మీద ఆనింది. ఏంటండి మాస్టారూ అని వాడడిగాడు. చల్లగానే ఉంది. ఏం లేదురా అని చెప్పి లోపలికి వచ్చాను.